క్రిస్మస్ తాత లేడని పిల్లలకు మనమే చెప్పేయాలా, వాళ్లకే తెలిసేదాకా ఆగాలా?

కొర్లగుంట అమ్మ:
మాది తిరుపతి. మేం క్రైస్తవులం కాదు. కానీ పిల్లలు చదివే స్కూల్లో ఏటా డిసెంబరులో క్రిస్మస్ తాత వస్తాడు. పిల్లలకు తెలియకుండా ఒక గిఫ్ట్ ప్యాక్ చేసి, పైన పేరు రాసి ఆఫీసులో ఇవ్వమని ముందే మెసేజ్ పెడతారు. ఆ రోజు తాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇస్తాడు. మా పెద్దోడికి ఎనిమిదేళ్లు. మొన్న వాళ్ల పెదనాన్న కొడుకు "అది మీ అమ్మ కొనిందే రా" అని చెప్పేశాడు. వీడు ఏడవలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి "చెల్లికి కూడా ఇట్లనే చెప్తావా?" అని అడిగాడు. పాపకు ఐదేళ్లు. మా ఆయన ఇక చాలంటున్నారు, మా అత్తమ్మేమో పసిపిల్ల, ఉండనీ అంటోంది. మీరేమంటారు?

గ్రీమ్స్‌పేట నాన్న:
చెప్పేయండమ్మా. అబద్ధం ఆడొద్దని రోజూ చెప్పేది మనమే, ఏడాదికోసారి అందరం కలిసి ఆడేదీ మనమే. ఇంకో మాట. "అల్లరి చేస్తే తాత రాడు" అని బెదిరించడం చాలా ఇళ్లలో విన్నాను. అన్నం తినకపోతే బూచోడు వస్తాడనడానికీ దీనికీ తేడా ఏముంది? పిలకాయలు మంచిగా ఉండాల్సింది గిఫ్టు కోసమా?

పుస్తకాల పిన్ని:
నేను చాలా ఏళ్లు చిన్న క్లాసులకు పాఠాలు చెప్పాను. మీరు భయపడేంత దెబ్బ పిల్లలకు తగలదు. 1994లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఆండర్సన్, ప్రెంటిస్ అనే ఇద్దరు పరిశోధకులు, తాత సంగతి తెలిసిపోయిన 52 మంది అమెరికా పిల్లలతో మాట్లాడారు. ఎక్కువ మందికి ఏడేళ్ల వయసులో, వాళ్లంతట వాళ్లకే తెలిసింది. తెలిశాక పిల్లలు చాలావరకు సంతోషంగానే ఉన్నారు, దిగులు పడింది తల్లిదండ్రులు! కనిపెట్టడంలో ఉన్న ఆనందం పిల్లలదే, దాన్ని మనం లాక్కోకూడదు. 1897లో వర్జీనియా అనే ఎనిమిదేళ్ల పాప, తాత ఉన్నాడా లేడా అని న్యూయార్క్ 'సన్' పత్రికకు ఉత్తరం రాస్తే, ప్రేమ, ఉదారత ఉన్నట్టే ఆయనా ఉన్నాడని సెప్టెంబరు 21 సంపాదకీయంలో జవాబిచ్చారు. ఆ జవాబు నాకిప్పటికీ ఇష్టం.

గ్రీమ్స్‌పేట నాన్న:
పిన్నీ, ఆ పాప ఉత్తరంలో "దయచేసి నిజం చెప్పండి" అని రాసింది. 'సన్'లో వస్తే అది నిజమేనని వాళ్ల నాన్న అన్నాడనీ రాసింది. అంత నమ్మి అడిగిన పిల్లకు పెద్దవాళ్లు అందమైన మాటలు చెప్పి తప్పించుకున్నారు. నాకైతే బాధేస్తుంది.

కేరల్స్ అన్న, చిత్తూరు:
చర్చికి వెళ్లేవాడిగా ఒక మాట చెప్తాను. డిసెంబరు వస్తే మేం రాత్రిళ్లు కేరల్స్‌కి ఇల్లిల్లూ తిరుగుతాం. డ్రమ్ము, గిటారు, ఎర్ర గౌనూ మాస్కూ వేసుకున్న తాత. ఆ తాత ఎవరో పిలకాయలందరికీ తెలుసు, చెప్పులు చూసే కనిపెట్టేస్తారు. అయినా చేయి పట్టుకుని ఎగరడానికి పోటీ పడతారు. పిల్లలు నిద్రపోయాక తలగడ కింద గిఫ్టు పెట్టడం మా జేజి కాలంలో మా ఇళ్లలో లేదు.

అసలు ఈ తాతకు మూలమైన నికొలస్ అనే ఆయన 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరాకు బిషప్. కట్నం ఇవ్వలేక ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేయలేకపోతున్న ఒకాయన ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు వేశాడని కథ. ఇచ్చింది ఎవరో తెలియకూడదని చీకట్లో వెళ్లాడు. ఆ చీకటిని మనం ఉంచుకున్నాం, ఆ పేదింటిని వదిలేశాం. నా బాధ అదీ.

తాతయ్యగుంట:
అందరూ అబద్ధమా, నిజమా అన్న దగ్గరే ఆగిపోయారు. తిరుపతిలో పెరిగిన పిల్లలకు ఈ రెండూ కాని సంగతి ఒకటి బాగా తెలుసు. మే నెలలో గంగమ్మ జాతర చూడండి. బైరాగి వేషం రోజు ఒంటినిండా తెల్లసుద్ద. బండ వేషం రోజు కుంకుమ పూసుకుని బూతులు తిడుతూ పోతారు. తోటి వేషానికి బొగ్గుపొడి. మాతంగి వేషానికి మీసాలున్న మగవాళ్లే చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఆడవాళ్లను చెరిచే పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చిందని, దాక్కున్నవాడు దొర వేషానికి మోసపోయి బయటికొస్తే తల నరికిందని కథ.

కైకాల వంశం వాళ్లు అమ్మవారి వేషంలో వస్తుంటే జనం కాళ్లకు నీళ్లు పోసి హారతి ఇస్తారు. వేషం కట్టింది ఎవరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా మేనమామ మాతంగి వేషం కడుతుంటే జడకు పూలు అందించింది నేనే. ఆయన గడప దాటగానే ఆయనకు సొంత అక్కయిన మా అమ్మే ఆయన కాళ్లకు మొక్కింది. నేనూ మొక్కాను. నన్ను ఎవరూ మోసం చేయలేదు, నా నమ్మకమూ తగ్గలేదు. వేషం అందరి ముందే కడతారు, అందరి ముందే తీస్తారు. కేరల్స్ తాత కూడా ఈ లెక్కలోకే వస్తాడు.

అందుకని చెల్లీ, తాతను తీసేయక్కర్లేదు, దాపరికం తీసేయండి. పాప "నిజంగా వస్తాడా?" అని సూటిగా అడిగిన రోజు సూటిగా చెప్పండి. అడగనంత వరకు మీరు కొత్త సాక్ష్యాలు పుట్టించొద్దు. తాత రాసినట్టు ఉత్తరాలు, కొరికి పెట్టిన బిస్కెట్లు, ఇవేవీ వద్దు. మీ అబ్బాయి ఇప్పటికే అడిగాడు కాబట్టి వాడికి మొత్తం చెప్పండి. చెల్లి గురించి అడిగాడంటే వాడికి బాధ్యత తెలిసింది. ఈసారి పాప గిఫ్టు వాడితోనే ప్యాక్ చేయించండి.

పుస్తకాల పిన్ని:
జాతర దైవకార్యం. స్కూలు తాతను దాని పక్కన పెట్టడం నాకు మింగుడుపడలేదు. అడిగితే చెప్పాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఐదేళ్ల పాప ఇంకా అడగలేదు కదా, ఈ ఏడు వదిలేయండి.

గ్రీమ్స్‌పేట నాన్న:
తాతయ్యగుంట గారూ, వేషం సంగతి ఆలోచించాల్సిందే. కానీ గిఫ్టుల మాట ఎవరూ ఎత్తలేదు. పోయినేడు మా అమ్మాయి క్లాసులో ఒక బాబుకు రిమోట్ కారు, పక్కనే కూర్చునే పాపకు కలర్ పెన్సిళ్ల డబ్బా వచ్చాయి. అమ్మానాన్నలు కొన్నారని తెలిస్తే పిల్ల సర్దుకుంటుంది. తాతే ఇచ్చాడని నమ్మితే, తను మంచిపిల్ల కాదేమోనని తనలో తాను కుమిలిపోతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

కొర్లగుంట అమ్మ:
ఈ చివరిది చదివాక మా క్లాసు తల్లుల గ్రూపులో పెట్టాను. గిఫ్టుల మీద పేర్లు వద్దు, స్కూలే అందరికీ ఒకే రకం కొని ఇవ్వాలి, ఖర్చు ఫీజులో కలపకుండా ఇష్టమున్నవాళ్ల దగ్గరే తీసుకోవాలి అని అడగబోతున్నాం. కొందరు అప్పుడే "మా పిల్లకు మేం కొనిస్తే మీకేంటి" అంటున్నారు. పెద్దోడికి అంతా చెప్పేశాను. పాప విషయంలో మా ఆయనకూ మా అత్తమ్మకూ ఇంకా తేలలేదు.