ఒక్క మగ్గానికి ఎంతమంది వడకాలి?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై): 1734లో ఈస్టిండియా కుంపిణీవాళ్లు మన చింతాద్రిపేటలో నేతగాళ్లతో పాటు వడికేవాళ్లనూ ఎందుకు కుదిర్చారు? నూలు బయట కొంటే సరిపోదా?

జవాబు 1: చాలదండీ. నేతకంటే వడకడమే నిదానం. ఇంగ్లండులోనూ ఒక్క మగ్గానికి నలుగురైదుగురు వడకాల్సి వచ్చేది. ఎక్కువగా ఆడవాళ్లే, ఇంటి పని మధ్యలో. 1733లో జాన్ కే పేటెంటు తీసుకున్న ఎగిరే నాడె (మగ్గంలో అడ్డ పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) వాడకంలోకి వచ్చాక నేత వేగం పెరిగి నూలు కొరత ఇంకా ముదిరింది. 1770లో హార్‌గ్రీవ్స్ పేటెంటు తీసుకున్న జెన్నీ అనే వడికే యంత్రానికి 16 కదుళ్లు, అంటే ఒకేసారి 16 పోగులు. కానీ ఆ నూలు మెత్తన, పేకకే (అడ్డ పోగుకే) పనికొచ్చేది. గట్టి పడుగు (నిలువు పోగు) నూలు ఆర్క్‌రైట్ నీటితో నడిచే వడికే యంత్రం ఇచ్చింది. ఇంటి రాట్నం కూలిని దెబ్బతీసింది ఇవే.

జవాబు 2: ఏకు (వడకడానికి దువ్వి చుట్టిన దూది) తయారీని మరవకండి, సగం శ్రమ అక్కడే. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు, ఆ సన్నటి పళ్లకు నలక, పొట్టి పోగు చిక్కుతాయి. దువ్వడం సరిగా లేకపోతే ఏకులో ఉండలు మిగిలి, అక్కడ పురి (పేనిన బిగువు) ఎక్కక పోగు తెగుతుంది.

ప్రశ్న అడిగినవారు: మరి ఉండలు లేకున్నా తెగితే?

జవాబు 2: పురి చాలట్లేదన్నమాట. చెయ్యి వెనక్కి లాగే వేగం తగ్గించండి, చక్రం అదే వేగంతో తిప్పండి. పురి మరీ ఎక్కువైతే పోగు మెలిపడుతుంది, అది చూసుకోండి.