అప్‌డేట్: స్పిన్ ఆటకు బ్యాట్ కుదిరింది

టేబుల్ టెన్నిస్‌లో స్పిన్ ఆటకు కార్బన్ బ్లేడా, చెక్క బ్లేడా (బ్లేడ్ అంటే రబ్బరు అతికించే బ్యాట్ పలక) అని ఇదివరకు అడిగాను కదా. చివరికి ఐదు పొరల చెక్క బ్లేడ్, యసాకా స్వీడన్ ఎక్స్‌ట్రాకే ఓటేశాను. ఫోర్‌హ్యాండ్‌కు రక్జా 7 రబ్బరు, బ్యాక్‌హ్యాండ్‌కు మార్క్ వి రబ్బరు, రెండింటి కిందా 2.0 మి.మీ. స్పాంజ్.

తేడా లూప్‌లోనే, అంటే బంతికి టాప్‌స్పిన్ ఇచ్చే షాట్‌లోనే తెలిసింది. అవతలివాళ్లు బ్యాక్‌స్పిన్‌తో నెట్టిన బంతిని కింది నుంచి రాసుకుంటూ లేపితే, రబ్బరు దాన్ని ఒక్క క్షణం పట్టుకుని వదులుతోంది. బంతి నెట్ దాటాక టక్కున కిందికి దిగుతోంది. సర్వీస్ రిసీవ్ మాత్రం ఇంకా టెన్షనే! స్పిన్ ఇచ్చే రబ్బరు ఎదుటివాళ్ల స్పిన్‌కూ అంతే లొంగుతుంది మరి. బ్యాట్ కోణం కాస్త తప్పినా బంతి పైకి లేచిపోతోంది. కొందరు హరికేన్ 3 రబ్బరు కూడా చెప్పారు కానీ, ఆ గట్టి స్పాంజ్‌కు సరిపడా స్వింగ్ నాకింకా రాలేదు.