ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల క్లబ్బు దసరా దాటి నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో కలిపి మా బడిలో 112 మంది పిల్లలున్నారు. నిరుడు జూలైలో వీరి కోసమే ఒక సైన్స్ క్లబ్బు మొదలుపెట్టాను. మొదటి రోజు 46 మంది వచ్చారు. వరండా చాలక వేపచెట్టు కింద కూర్చోబెట్టి, మందారపువ్వును కోసి లోపలి భాగాలు చూపించాను. ఆ సాయంత్రం పిల్లల ముఖాలు చూసి, ఈ క్లబ్బు ఏడాదంతా తనంతట తానే నడిచిపోతుందని అనుకున్నాను. దసరా సెలవులిచ్చే నాటికి ఏడుగురు మిగిలారు. సంక్రాంతి తర్వాత వచ్చినది ముగ్గురే. ఆ ముగ్గురివీ బడి గోడ పక్కనున్న ఇళ్లే.

పిల్లలకు ఆసక్తి తగ్గిందని చాలా రోజులు నొచ్చుకున్నాను. ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే గాని అసలు సంగతి తెలియలేదు. మా బడి నాలుగు గంటలకు వదులుతారు. రెండు ఊళ్ల పిల్లలకు ఉన్న ఒకే ఒక్క బస్సు నాలుగూ ఇరవైకి వెళ్లిపోతుంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో కొందరు ఇంటికి వెళ్లగానే తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకోవాలి. అమ్మానాన్నలు పొలం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. బడి వదిలాక క్లబ్బు పెట్టింది నేను, రాలేకపోయింది వారు.

నా రెండో ఇబ్బంది జట్ల గురించి. మండల స్థాయిలో క్విజ్ జరిగినా, వక్తృత్వ పోటీ జరిగినా, మా బడి నుంచి వెళ్లేది పదో తరగతిలోని ఆ ముగ్గురే. వారు మంచి పిల్లలు, వారిపై నాకే ఫిర్యాదూ లేదు. కానీ ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడం, మేం పదికి వచ్చేదాకా చప్పట్లు కొట్టడమేనా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

పిల్లలు ఇల్లు చేరే వేళకు అడ్డం రాకుండా, చేతిలో డబ్బు లేకుండా, మూడు తరగతుల పిల్లలకూ చోటుండేలా క్లబ్బును నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం రాయండి.

సమాధానం 1: గణిత ఉపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

మేడం గారూ, నేనూ మూడేళ్లు సాయంత్రం నాలుగింటికే క్లబ్బు పెట్టి, మూడేళ్లూ ఖాళీ గదిలో కూర్చున్నవాణ్ణే. నాలుగో ఏట ప్రధానోపాధ్యాయుల వారిని ఒప్పించి, మంగళవారం, గురువారం మధ్యాహ్న భోజనం తర్వాతి చివరి 25 నిమిషాలను క్లబ్బుకు కేటాయించి, టైంటేబుల్‌లో రాయించాను. నోటిమాటగా ఉన్నంతకాలం ఏడాది మధ్యలో వచ్చే ఎఫ్‌ఏ పరీక్షలనీ, ఇంకొకటనీ ఆ సమయం ఎవరో ఒకరు తీసుకునేవారు. గోడమీది కాగితంలో "క్లబ్బు" అని కనిపించాక ఎవరూ అడగలేదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో ఎప్పుడైనా 10 రోజులు పుస్తకాల సంచి లేని రోజులుగా ఉండాలని చెబుతోంది. పెద్ద పనులేవైనా ఉంటే ఆ రోజుల్లో పెట్టుకోవడానికి మీ బడిలో అడిగి చూడండి.

ఇక ఏం చేయించాలి అన్నది. నేను లెక్కల మాస్టారినే అయినా, మా క్లబ్బులో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచినది చెట్ల పని. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ నడిపే "సీజన్‌వాచ్" అనే కార్యక్రమం ఒకటుంది. అందులో పిల్లలు తలా ఒక చెట్టును ఎంచుకొని, వారానికొకసారి దాని దగ్గరికి వెళ్లి లేతాకులు, ముదురాకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు లేవా, కొద్దిగా ఉన్నాయా, ఎక్కువగా ఉన్నాయా అని రాస్తారు. ఇంతకు మించి ఏమీ లేదు. రెండు నిమిషాల పని, నోటుపుస్తకం తప్ప ఖర్చు లేదు, బడికి వచ్చే దారిలోనే చేసేయవచ్చు.

ఏడో తరగతి అబ్బాయి ఒకడు చెరువుకట్ట మీది కానుగ చెట్టును తీసుకున్నాడు. వాడి పుస్తకంలో మార్చి నెల పేజీ నాకు బాగా గుర్తుంది. "ముదురాకులు: కొద్దిగా. మొగ్గలు: లేవు. చీమలు: ఎక్కువగా." చీమల గడి నేను గీసినది కాదు, వాడే స్కేలుతో గీసుకున్నాడు. ఆ మరుసటి వారం లేతాకులు వచ్చినప్పుడు చీమలు ఎక్కడికి పోయాయో చూడాలని, వాడితోపాటు మరో ఐదుగురు ఆ చెట్టు దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత ఆ పిల్లలను నేను పిలవవలసిన అవసరం రాలేదు.

నలభై ఆరు మందితో ఒకే క్లబ్బుగా మొదలుపెట్టకండి. పన్నెండు మంది చొప్పున చిన్న గుంపులు చేసి, ప్రతి గుంపులో మూడు తరగతుల వారూ ఉండేలా చూడండి. ప్రతి బిడ్డ పేరు మీదా ఒక పని ఉండాలి. ఆ బిడ్డ రాకపోతే ఆ పని ఆగినట్టు మిగిలినవారికి తెలియాలి.

సమాధానం 2: తెలుగు ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

క్లబ్బు అనగానే సైన్సే అనుకుంటాము గాని, ఆ వయసు పిల్లల్లో మాటల మీద ఇష్టం ఉన్నవారు కూడా చాలామంది ఉంటారు మేడం. మా బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వారు ఇళ్లలోని తాతలను, నానమ్మలను అడిగి వ్యవసాయం మాటలు సేకరిస్తున్నారు. నాగలి, గుంటక, గొర్రు అందరూ తెచ్చారు. ఆరో తరగతి పిల్ల ఒకతె మాత్రం పాత గుడ్డలో చుట్టిన కొయ్యగిన్నె ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది. అడుగున చుట్టూ రంధ్రాలున్నాయి. అది జడ్డిగం, గొర్రుతో విత్తేటప్పుడు గింజలు పోసే గిన్నె. వాళ్ల తాత దానిని అటక మీది నుంచి దించి ఇచ్చాడట. పత్తిచేలు తప్ప మరొకటి చూడని పిల్లలు, ఆ రంధ్రాల్లోంచి జొన్నలు పోసి ఎన్ని వరుసలు పడతాయో లెక్కపెట్టారు. నాకు కూడా ఆ గిన్నెను చేతితో పట్టుకోవడం అదే మొదటిసారి.

సేకరించిన మాటలను కార్డుల మీద రాయించి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతినాడు, అంటే తెలంగాణ భాషా దినోత్సవం రోజున, ప్రదర్శన పెట్టాము. మీకైతే ఆగస్టు 29న గిడుగు వారి జయంతి ఉంటుంది. ప్రదర్శనకు ఒక తేదీ ముందే తెలిస్తే పిల్లలు మధ్యలో జారిపోరు. దసరాకు ముందే ఒక తేదీ, సంక్రాంతి తర్వాత ఒక తేదీ పెట్టుకోండి.

సమాధానం 3: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జట్ల గురించి నేను కొంత వివరంగా రాస్తాను. నాకు మనసుకు దగ్గరైన విషయమిది.

మొదట, ఎనిమిదో తరగతికి చోటు ఎక్కడుందో చూడండి. జన విజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాల్లో జట్టు అంటే ముగ్గురు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల నుంచి ఒక్కొక్కరు. అంటే మీ ఎనిమిదో తరగతి అమ్మాయికి అక్కడ నియమం ప్రకారమే చోటుంది, ఎవరి దయా అక్కరలేదు. బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్లవారు పాల్గొనవచ్చు. అది క్విజ్ కాదు. తమ ఊరి సమస్యను ఒకదాన్ని తీసుకొని నెలల తరబడి పరిశీలించి, కొలిచి, రోజువారీ పుస్తకం రాసుకొని సమర్పించాలి. జిల్లా స్థాయిలో తెలుగులోనే చెప్పవచ్చు. ఇంగ్లీషు భయంతో వెనక్కి తగ్గే పిల్లలకు ఇది చాలా పెద్ద ఊరట. పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మనక్‌లో ఆరో తరగతి నుంచే ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి విద్యార్థి బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు జమ అవుతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో, జిల్లా ప్రదర్శనకు వెళ్లవలసిన నమూనాను పట్నంలోని ఒక దుకాణంలో కొని తెచ్చి, ఏడో తరగతి అబ్బాయి చేత వివరణ బట్టీ పట్టించారు. న్యాయనిర్ణేత వచ్చి ఒక తీగను ఊడదీసి, "ఇది ఎందుకు పెట్టావు బాబూ?" అని అడిగితే వాడు నావైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. వద్దని గట్టిగా చెప్పవలసినవాణ్ణి చెప్పలేదు. ఆ ఏడాది నుంచి, పిల్లలు స్వయంగా విప్పి మళ్లీ బిగించలేని వస్తువును దేన్నీ నేను బయటికి పంపలేదు. మరుసటి ఏడు ఆరో తరగతి అమ్మాయి ఒకతె, మిరపకాయలు కోసే అమ్మ చేతులు మండకుండా పాత చున్నీతో, సైకిలు ట్యూబు ముక్కతో వేళ్లకు తొడుగులు కుట్టింది. ఎంపిక కాలేదు. అయినా వాళ్ల అమ్మ ఆ తొడుగులతోనే ఆ సీజనంతా కోతకు వెళ్లింది.

క్విజ్ జట్టు విషయానికి వస్తే, మార్కుల జాబితా చూసి మొదటి ముగ్గురినీ తీసుకోవడం అన్నిటికంటే తేలికైన పద్ధతి, నా దృష్టిలో అన్నిటికంటే తప్పు పద్ధతి కూడా. ముగ్గురు కూర్చున్నప్పుడు ప్రశ్న పూర్తయ్యేదాకా విని, పక్కవారి చెవిలో సమాధానం సరిచూసుకొని, అప్పుడు చెప్పగలగాలి. తనకు తెలిసినదాన్ని గబుక్కున అనేసే ఫస్టు ర్యాంకు పిల్లవాడి వల్ల మేము రెండుసార్లు పాయింట్లు పోగొట్టుకున్నాము. అందుకని ఇప్పుడు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల నుంచి ఒక్కొక్కరితో ఎనిమిది జట్లు చేసి, నెలకొకసారి బడిలోనే పోటీ పెడుతున్నాము. ప్రశ్నలు కూడా పిల్లలే రాస్తారు. ప్రతి ప్రశ్న కింద, సమాధానం ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో రాయాలన్నది నియమం. ప్రశ్న తయారుచేయడానికి చదివినంత శ్రద్ధగా మా పిల్లలు పరీక్షకు కూడా చదవరు. మూడు నెలలు గడిచేసరికి ఎవరు ఎవరితో కలిసి బాగా ఆడతారో మాకే కాదు, వారికీ తెలుస్తుంది. మండలానికి వెళ్లే జట్టు పేర్లు వారే చెబుతారు.

సమాధానం 4: ఒక తండ్రి, పల్నాడు జిల్లా

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. మా అమ్మాయి ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంటి వైపు నుంచి రెండు మాటలు.

క్లబ్బు కోసం అమ్మాయి ఆలస్యంగా వస్తానంటే మొదట నేనే వద్దన్నాను. అందులో ఏం చేస్తారో నాకు తెలియదు, దారిలో చీకటి పడుతుందన్న భయం ఒకటి. ఒక ఆదివారం వాళ్ల టీచరమ్మ ఇంటికి వచ్చి, అమ్మాయి రాసిన వానల పుస్తకం చూపించారు. సీసాతో చేసిన కొలమానంతో రోజూ ఎంత వాన పడిందో జూన్ నుంచి రాసి ఉంది. మేము పత్తి విత్తిన రోజు, ఎరువు వేసిన రోజు కూడా పక్కన రాసుకుంది. అప్పటి నుంచి నేను వద్దనలేదు. కాబట్టి తల్లిదండ్రులకు కబురు పెట్టేటప్పుడు క్లబ్బు గొప్పదని చెప్పవద్దు మేడం గారూ, పిల్ల చేసిన పని చూపించండి.

రెండోది, కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనం కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి. అందులో వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000 రూపాయలు. మావంటి ఇళ్లకు అది చిన్న మొత్తం కాదు. క్లబ్బులో పడి ఆ పరీక్షను మరవకూడదు. అలాగని క్లబ్బు సమయాన్నే ఆ పరీక్షకు కోచింగుగా మార్చినా పిల్లలు రెండింటికీ దూరమవుతారు. రెండూ వేరువేరుగా ఉండాలని నా మనవి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని మళ్లీ

మాస్టారూ, మేడం గారూ, అన్నగారూ, మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడాను. బుధవారం, శుక్రవారం భోజనం తర్వాత 25 నిమిషాలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వడ్డన త్వరగా ముగిసేలా ఆ రెండు రోజులూ ఎనిమిదో తరగతి వరుసను ముందు కూర్చోబెట్టాలని వంట చేసే అమ్మలే సలహా ఇచ్చారు. ఎన్‌ఎంఎంఎస్ సాధనను లెక్కల సారు ఉదయం ప్రార్థనకు ముందు తీసుకుంటానన్నారు.

మొదటి గుంపుకు పన్నెండు చెట్లు గుర్తించాము. అందులో నాలుగు ఆ రెండు ఊళ్ల బస్టాపుల దగ్గరే ఉన్నాయి, బస్సు కోసం నిలబడినప్పుడు రాసుకోవచ్చు. నన్ను అడిగిన అమ్మాయి తమ ఊరి బస్టాపులో ఉన్న చింతచెట్టు కావాలంది. చెకుముకి జట్టు సంగతి కూడా తనకు చెప్పాను. తొమ్మిది, పది తరగతుల నుంచి ఎవరు వస్తారని అడిగి, తన పుస్తకం వెనక పేజీలో ఇద్దరి పేర్లకు ఖాళీ గీతలు గీసుకుంది.