క్లబ్బు పడవలో సముద్రపు గాలం వేట: మొదటిసారి వెళ్ళేవారు ఏ ప్రయాణానికి పేరు ఇవ్వాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఉంటున్నాము. ఇక్కడి ఒక సముద్రపు గాలం వేట క్లబ్బులో ఈ మధ్యనే సభ్యుడిగా చేరాను. క్లబ్బు వారు వేమత్, పూల్ రేవుల నుండి ఒక పడవను రోజు మొత్తానికి అద్దెకు తీసుకుని, ఆ ఖర్చును వచ్చినవారందరికీ సమానంగా పంచుతారు. ఈ సంవత్సరపు జాబితాలో మూడు రకాల ప్రయాణాలు ఉన్నాయి. మొదటిది తీరానికి దగ్గరలో రాతి నేల మీద బ్రీమ్, మాకెరెల్ చేపలకు. రెండవది పోర్ట్‌లాండ్ సమీపంలోని షాంబుల్స్ అనే ఇసుక తిన్నె మీద టర్బట్ చేపకు. మూడవది ఇంగ్లిష్ ఛానల్ నడిమిన మునిగిపోయిన ఓడల మీద పొలాక్, కాంగర్ చేపలకు. మా ఊరి కాలువ గట్టున వెదురు గాలంతో కూర్చున్న అనుభవమే తప్ప సముద్రం మీద వేట నాకు తెలియదు. వారాంతాలలో మాత్రమే వీలవుతుంది. మూడింటిలో దేనికి పేరు ఇవ్వడం మంచిది? రాడ్డు, రీలు ముందే కొనుక్కోవాలా? లైసెన్సు అవసరమా? నాకు బస్సు ప్రయాణంలోనే కడుపులో తిప్పుతుంది కనుక ఆ విషయంలోనూ సలహా చెప్పగలరు.

ఉప్పుటేరు

కృష్ణాతీరం గారూ, డబ్బు పెట్టి పడవ ఎక్కుతున్నప్పుడు మునిగిన ఓడల మీదికే వెళ్ళండి. రెండు ప్రపంచ యుద్ధాలలో మునిగిన ఓడలు ఛానల్ అడుగున చాలా ఉన్నాయి. వాటి శిథిలాలను ఆశ్రయించుకుని పెద్ద చేపలు ఉంటాయి. రబ్బరు ఎరను అడుగు దాకా దించి, అక్కడి నుండి ఆగకుండా నిదానంగా చుట్టుకుంటూ పైకి తెస్తుంటే, పొలాక్ దానిని అందుకుని ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఆ లాగుడు ఒకసారి చేతికి తెలిసిన తర్వాత మాకెరెల్ కోసం ఎవరూ వెళ్ళరు. సముద్రపు చేపలకు ఇంగ్లండ్‌లో రాడ్డు లైసెన్సు అక్కరలేదు. సాల్మన్, సీ ట్రౌట్ మాత్రం ఆ మినహాయింపులోకి రావు.

డోర్సెట్ తెలుగు

లైసెన్సు గురించి ఉప్పుటేరు గారు చెప్పినది సరైనదే గాని, మొదటి ప్రయాణానికి మునిగిన ఓడలను ఎంచుకోమనడాన్ని నేను ఒప్పుకోలేను. రేవు నుండి అక్కడికి చేరడానికే గంటలు పడుతుంది, తిరిగి రావడానికీ అంతే. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారికి ఆ రోజంతా శిక్షే అవుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. లోతు నుండి వేగంగా పైకి లాగిన పొలాక్‌కు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. అటువంటి చేపను తిరిగి నీటిలో వదిలినా చాలాసార్లు బతకదు. చేయి ఇంకా కుదరనివారు చిన్నవాటినీ పెద్దవాటినీ కలిపి లాగుతారు, వదలవలసినవి వదలినా ఫలితం ఉండదు. ఛానల్‌లో పొలాక్ సంఖ్య ఎంతగా పడిపోయిందంటే, 2024లో దానిని లక్ష్యంగా పెట్టుకుని చేసే వాణిజ్య వేటనే నిలిపివేశారు. ఈ సంగతి తెలిసి కూడా కొత్తవారిని అక్కడికి పంపడం నాకు ఇష్టం లేదు.

తీరానికి దగ్గరి ప్రయాణానికే పేరు ఇవ్వండి. లంగరు వేసి బ్రీమ్‌కు గాలం దించడంలో ఎర సముద్రపు అడుగుకు తగలడం, చేప కొరకడం, అలల ఊపు అనే మూడింటినీ చేతితో వేరుచేసి గుర్తించడం అలవాటవుతుంది. పడవ మీద కొన్ని పద్ధతులు ఉంటాయి, వాటిని ఎవరూ ముందుగా చెప్పరు. నిలబడే చోట్లకు చీటీలు వేస్తారు. లంగరు మీద ఉన్నప్పుడు ఎర వాసన ప్రవాహంతో పాటు పడవ వెనుకకు పోతుంది కనుక, అందరూ వెనుక భాగాన్నే కోరుకుంటారు. అందుకే మధ్యాహ్నం చోట్లు మార్చే క్లబ్బులూ ఉన్నాయి. లంగరు లేకుండా ప్రవాహంతో పాటు పడవ సాగుతున్నప్పుడు మాత్రం అందరూ ఒకే బరువున్న సీసపు గుండు కట్టాలి, లేకపోతే ఒకరి దారం నిలువుగా, మరొకరిది ఏటవాలుగా దిగి, అన్నీ చిక్కుపడతాయి. కెప్టెన్ ఏ బరువు చెబితే అదే కట్టండి. రాడ్డు కొనవద్దు, చాలా పడవలలో అద్దెకు ఇస్తారు, క్లబ్బులో అడిగినా ఎవరో ఒకరు ఇస్తారు.

నియమాలలో ఇవి గుర్తుంచుకోండి. బాస్ చేప 42 సెంటీమీటర్లకు తక్కువగా ఉంటే వదిలివేయాలి. ఫిబ్రవరి, మార్చి నెలలలో పెద్దదైనా ఉంచుకోరాదు. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చన్న పరిమితి మారుతూ ఉంటుంది కనుక, ఆ ఏటి ప్రకటన చూసుకోండి. టోప్ అనే చిన్న జాతి సొర పడితే, 2008 నాటి ఉత్తర్వు ప్రకారం పడవ నుండి దానిని ఒడ్డుకు తేకూడదు. పట్టిన చేపలను అమ్మడం కూడా నేరమే, అది స్నేహితుల వాట్సాప్ బృందంలోనైనా సరే.

అన్నట్టు, దారిలో తినడానికని అరటిపళ్ళు పట్టుకెళ్ళకండి. పడవ మీద అరటిపండు అశుభమని ఇక్కడివారికి గట్టి నమ్మకం. మన దగ్గర పళ్ళెంలో పెట్టి సముద్రానికి సమర్పించే పండుకు ఇక్కడ ఈ గతి పట్టింది.

భీమిలి

డోర్సెట్ తెలుగు గారు చెప్పినదంతా నిజమే గాని, తేదీ సంగతి మిగిలిపోయింది. నేను చేపల వేట చేసే కుటుంబంలో పుట్టినవాడిని. క్లబ్బు వారి జాబితా చూసినప్పుడు నేను మొదట చూసేది వంటగదిలోని తెలుగు క్యాలెండర్‌నే. అమావాస్యకు, పౌర్ణమికి తర్వాత విదియ, తదియ రోజులలో పోటు అత్యంత బలంగా ఉంటుంది. అష్టమి దాటి నవమి, దశమి వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. ఈ లెక్క ఛానల్‌కు కూడా సరిపోతుంది. బలమైన పోటు రోజున బరువైన గుండు కట్టినా ఎర అడుగున నిలవదు, చేతులు మాత్రం నొప్పి పెడతాయి. మీకు వారాంతాలే వీలు కనుక, ఒక ఆదివారం నెమ్మదైన నీరు దొరికితే, తర్వాతి ఆదివారానికి అది దాదాపు తారస్థాయికి చేరుతుందని లెక్క వేసుకోండి. గంటలు మాత్రం స్థానిక పోటు పట్టికలోనే చూడాలి. మీ సౌతాంప్టన్‌లోనే ఒకే పోటులో నీరు రెండుసార్లు ఎక్కి నిలుస్తుంది, ఆ తీరు అన్ని రేవులలోనూ ఒకేలా ఉండదు.

గాలి విషయంలో తుది మాట కెప్టెన్‌దే. వాతావరణ శాఖ తీరజలాల సూచనలో సెల్సీ బిల్ నుండి లైమ్ రీజిస్ వరకు ఉన్న భాగం మీకు వర్తిస్తుంది. నైరుతి గాలి బ్యూఫోర్ట్ అనే గాలి వేగపు కొలతలో ఐదవ స్థాయికి చేరుతుందని ఉంటే ప్రయాణం రద్దు కావచ్చునని ముందే సిద్ధపడండి.

వాంతుల మాత్ర పడవ ఎక్కిన తర్వాత వేసుకుంటే ప్రయోజనం ఉండదు. సినారిజిన్ మాత్రను బయలుదేరడానికి సుమారు రెండు గంటల ముందు వేసుకోవాలి. మత్తు కలిగించే మందు కనుక మీకు సరిపడుతుందో లేదో ఫార్మసీలో అడిగి తీసుకోండి, రేవు దాకా కారును వేరొకరిని నడపమనండి. తల దించి గాలపు ముళ్ళు కట్టడం వల్లనే చాలామందికి తిప్పుతుంది కాబట్టి, కట్టవలసినవన్నీ ఇంటి వద్దే కట్టుకుని వెళ్ళండి.

మాకెరెల్ మన కానాగంతలకు దగ్గరి చుట్టం, పులుసుకు చాలా బాగుంటుంది. కాని పట్టిన వెంటనే మంచులో పెట్టకపోతే దాని మాంసంలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. పులుసులో ఎంతసేపు మరిగించినా అది పోదు. ఐసు పెట్టె తప్పక తీసుకువెళ్ళండి.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. క్యాలెండర్ చూశాను. బ్రీమ్ ప్రయాణం శుద్ధ దశమి నాడు, షాంబుల్స్ ప్రయాణం ఆ తర్వాతి ఆదివారం, అంటే బహుళ విదియ నాడు వస్తున్నాయి. మొదటిదానికి పేరు ఇస్తాను. భీమిలి గారి లెక్క ప్రకారం రెండవదాన్ని పూర్తిగా వదులుకోవాలా?

డోర్సెట్ తెలుగు

భీమిలి గారి లెక్క లంగరు వేసే ప్రయాణాలకు బాగా వర్తిస్తుంది. షాంబుల్స్ మీద పరిస్థితి వేరు. అక్కడ పడవను ప్రవాహానికి వదిలి, ఎరను తిన్నె మీదుగా ఎక్కిస్తూ, అవతలి వాలులోకి దించుతారు. ప్రవాహం లేకపోతే పడవ కదలదు, టర్బట్ ముందుకు ఎర పోదు. అందువల్ల ఆ తిన్నె మీదికి దశమి మరీ నెమ్మది, విదియ మరీ వేగం. పోటు మధ్యస్థంగా ఉండే చతుర్దశికో, బహుళ షష్ఠికో దగ్గరగా ఇంకొక తేదీ జాబితాలో ఉందేమో క్లబ్బు కార్యదర్శిని అడగండి. లేకపోతే విదియ నాటి ప్రయాణంలో పడవ ఏ గంటకు తిన్నె మీద ఉంటుందో కనుక్కోండి. పోటు మలుపుకు ముందూ వెనుకా ప్రవాహం నెమ్మదిగా ఉండే కొద్ది సమయం అక్కడ దొరికేటట్టయితే వెళ్ళవచ్చు.