ఆయిల్ సంపు దించకుండా టైమింగ్ కవర్ లీకు ఆపవచ్చా?

ప్రశ్న: తిరుచానూరు రోడ్డు, తిరుపతి

నా కారు 2012 మోడల్. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, టైమింగ్ చైన్. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. వారానికి మూడు రోజులు చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరు వెళ్లి వస్తాను. సంక్రాంతి తరువాత నుంచి ఇంజిన్ ఆయిల్ కారుతోంది. రోజూ రాత్రి కారు కింద పాత క్యాలెండర్ అట్ట పరుస్తాను. పొద్దున చుక్కల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తాను. మామూలు రోజున మూడు నాలుగు చుక్కలు పడతాయి. తిరుమల కొండెక్కి దిగిన రాత్రి మాత్రం అరచేయంత మచ్చ పడుతుంది.

షెడ్డులో చూసి, టైమింగ్ చైన్‌ను కప్పే మూత, అంటే టైమింగ్ కవర్ నుంచే కారుతోందన్నారు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ సంపు దించాలట, అందుకు సైలెన్సర్ పైపు కూడా విప్పాలట, రెండు రోజుల పనట. తడి కనిపించేది కవర్ అడుగున ఒక మూల దగ్గరే. సంపు మీద ఎక్కడా తడి లేదు. పొడిగా ఉన్న అతుకును ఎందుకు ఊడదీయాలి? కవర్ ఒక్కటే తీసి, అతుకు మూసే సీలెంట్ పేస్ట్ వేసి బిగిస్తే నిలుస్తుందా? పానాలు, టార్క్ రెంచి నా దగ్గర ఉన్నాయి. తొందర లేదు. ఒక్కసారే సరిగ్గా చేయాలని నా కోరిక.

జవాబు 1: చిత్తూరు, సొంత షెడ్డు

చేయవచ్చు. అయితే కారేది కవరేనని ముందు మీ కళ్లతో తేల్చుకోండి. పైన వాల్వ్ కవర్ ప్యాకింగ్ కారినా ఆయిల్ గోడ వెంట దిగి ఆ మూలకే చేరుతుంది. ఇంజిన్‌ను ఆ పక్క కిరోసిన్‌తో కడిగి ఆరనిచ్చి, ముఖానికి వేసుకునే పౌడర్ చల్లి, పది కిలోమీటర్లు నడపండి. తడి మొదలైన చోటు తెల్లటి పొడి మీద గీతలా కనిపిస్తుంది. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) చివర ఉండే పుల్లీ వెనుక ఆయిల్ సీల్ చుట్టూ కూడా చూడండి. దాన్ని ఎలాగూ కొత్తది వేయాల్సిందే.

పని అంతా రెండు మూలల్లో ఉంది. ఇంజిన్ బ్లాకు, కవర్, సంపు అంచు, మూడూ కలిసే చోటు అది. కవర్‌ను మామూలుగా పైనుంచి కిందికి జారిస్తే, సంపు అంచు మీద మీరు వేసిన పేస్ట్‌ను కవరే తుడుచుకుపోతుంది. బయటికి చక్కగా కనిపిస్తుంది, లోపల మూల ఖాళీ. ఇలా చేసి రెండు బండ్లు తిరిగి నా షెడ్డుకే వచ్చాయి. అప్పటి నుంచి కవర్‌ను జార్చడం మానేశాను. అడుగు అంచును సంపుకు కాస్త ఎత్తులో ఉంచి, నేరుగా బ్లాకు వైపు తెచ్చి, కవర్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు అందాక దించి నొక్కుతాను.

సంపుకు విడి ప్యాకింగ్ ఉంటే ముందు భాగం బోల్టులు వదులు చేసి రెండు మూడు మిల్లీమీటర్లు దించుకోవచ్చు. మీ సంపు పేస్ట్‌తోనే అతికి ఉంటే ఆ పని వద్దు. సంపు నుంచి కవర్‌లోకి వెళ్లే బోల్టులు మాత్రమే తీయండి. పలుచని బ్లేడుతో కవర్ అడుగున పేస్ట్‌ను కోయండి. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అల్యూమినియం అంచు గీసుకుపోతుంది, వెనుక బాగున్న అతుకు కూడా తెగుతుంది.

పాత పేస్ట్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీసి, ఎసిటోన్ గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు కూడా మిగలకూడదు. మూడు మిల్లీమీటర్ల మందాన ఒకే గీతగా పేస్ట్ వేసి, మూలల్లో బొట్టు ఎక్కువ పెట్టండి. మన ఎండకు పైపొర త్వరగా కడుతుంది కనుక తెల్లవారుజామున చేయండి. ఐదు నిమిషాల్లో కవర్ కూర్చోవాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఆయిల్ పోయడం మరుసటి రోజే. కవర్ తీసి ఉన్నంతసేపూ క్రాంక్‌ను తిప్పకండి.

జవాబు 2: పలమనేరు

నేను ఒప్పుకోను. సంపు దించనప్పుడు గీకిన ముక్కలు ఎక్కడికి పోతాయి? అందులోకే. మా బంధువుల బండిలో గట్టిపడిన పేస్ట్ ముక్క సంపులోని ఆయిల్ జల్లెడకు (స్ట్రైనర్) అడ్డుపడి ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది. రెండు రోజుల కూలి మిగిల్చుకోబోయి ఇంజిన్‌ను పణం పెట్టవద్దు.

ఇంకొకటి. ఆ పక్క ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటు విప్పాలి కదా, చాలామంది జాకీని సంపు కిందే పెడతారు. ఆ బరువుకు సంపు పైకి నొక్కుకుని, మీరు కోసిన అతుకు మూసుకుపోతుంది. ఇంజిన్‌ను పైనుంచి కడ్డీకి గొలుసుతో వేలాడదీయండి.

జవాబు 3: చిత్తూరు, సొంత షెడ్డు

జాకీ మాట నేను రాయాల్సింది, మరిచాను. ముక్కల భయం కూడా నిజమే. గీకే ముందు సంపు నోటిలో నూలు రాలని గుడ్డను గట్టిగా కూరి, పని అయ్యాక జాగ్రత్తగా తీయాలి. అంచుకు గ్రీజు రాస్తే ముక్కలు దానికి అంటుకుంటాయి. తరువాత ఆ గ్రీజును పూర్తిగా తుడవాలి. పేస్ట్ ఎక్కువ వేస్తే లోపలికి పొంగి తెగిపడేది కూడా అదే, కనుక మూలల్లో తప్ప ధారాళం వద్దు.

ప్రశ్న అడిగినవారు, పదహారు రోజుల తరువాత

అన్నా, పౌడర్ పరీక్షతో ఇంటి ముందే తేలింది. తడి కవర్ మూలదే. వాల్వ్ కవర్ పొడిగా ఉంది. పలమనేరు వారు చెప్పినట్టు ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీశాను. క్రాంక్ పుల్లీ బోల్టు ఒక్కటే గంటన్నర తీసుకుంది. గుడ్డ తీసినప్పుడు దాని మీద పదకొండు ముక్కలు లెక్కపెట్టాను. ఒకటి గోరంత ఉంది. గుడ్డ లేకుంటే అవన్నీ స్ట్రైనర్ దగ్గరికే చేరేవి.

బ్రీదర్ గొట్టం విప్పి చూస్తే ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే పీసీవీ వాల్వ్ అందులో మడ్డి పట్టి మూసుకుపోయి ఉంది. ఊపితే టకటక చప్పుడు రావాలి, రాలేదు. గాలి పోవడానికి దారి లేక ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న మూలలోంచి ఆయిల్‌ను తోసి ఉంటుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ మీద భారం ఎక్కువ. కొండ రాత్రుల మచ్చకు అదే కారణమని నా నమ్మకం. వాల్వ్ కొత్తది వేశాను.

మొన్న శనివారం రెండో ఘాట్ రోడ్డులో పైకి వెళ్లి, మొదటి దానిలో దిగి వచ్చాను. అట్ట మీద ఏమీ లేదు. అయితే క్రాంక్ పుల్లీ అంచు దగ్గర వేలితో తాకితే సన్నని జిడ్డు అంటింది. కొత్త సీల్ పెదవికి నేను రాసిన ఆయిలేనా, లేక పుల్లీ మెడ మీద పాత సీల్ చేసిన గాడి వల్లనా? గాడి గోటికి తెలుస్తోంది. సీల్‌ను మరో రెండు మిల్లీమీటర్లు లోపలికి కొట్టి, గాడి లేని చోట కూర్చోబెట్టవచ్చా?

జవాబు 4: చిత్తూరు, సొంత షెడ్డు

ముందు తుడిచి 200 కిలోమీటర్లు నడపండి. మళ్లీ జిడ్డు వస్తే అప్పుడు కొట్టవచ్చు, వెనుక ఖాళీ ఉంటేనే. లేకుంటే పుల్లీ మెడకు పలుచని స్టీలు తొడుగు (స్లీవు) దొరుకుతుంది, అది వేయించండి.