టాక్రోలిమస్ ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్: ఇంటర్నల్ స్టాండర్డ్ పడిపోతోంది, రిజల్ట్ ఇవ్వొచ్చా?

పోరూర్_ల్యాబ్:
అందరికీ నమస్కారం. చెన్నైలో కిడ్నీ, లివర్ మార్పిడి చేసే ఆసుపత్రి ల్యాబ్ మాది. మార్చిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో కొలవడాన్ని ఇమ్యునోఅస్సే (యాంటీబాడీతో కొలిచే పద్ధతి) నుంచి ట్రిపుల్ క్వాడ్రపోల్ (అణువుల్ని బరువుని బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ మెషీన్) మీదికి మార్చాం. ఈడీటీఏ రక్తం 50 మైక్రోలీటర్లు, 0.1 మోలార్ జింక్ సల్ఫేట్ 200, ఆస్కోమైసిన్ (ఇదే మా ఇంటర్నల్ స్టాండర్డ్, అంటే పోలిక కోసం ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో వేసేది) కలిపిన ఎసిటోనైట్రైల్ 500. వోర్టెక్స్ చేసి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేరినది నేరుగా ఇంజెక్ట్ చేస్తాం. సీ18 కాలమ్ (అణువుల్ని విడదీసే గొట్టం) 55 డిగ్రీల్లో. మొబైల్ ఫేజ్‌లు (కాలమ్‌లో పారే ద్రవాలు) నీళ్లు, మిథనాల్, రెండింట్లోనూ 2 మిల్లీమోలార్ అమోనియం ఎసిటేట్, 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్. రన్ 2 నిమిషాలు. ట్రాన్సిషన్లు (మెషీన్ పట్టే అయాన్ బరువు నుంచి అది విరిగాక వచ్చే ముక్క బరువు): టాక్రోలిమస్‌కి 821.5 నుంచి 768.5, ఆస్కోమైసిన్‌కి 809.5 నుంచి 756.5.

బ్యాచ్ నడిచేకొద్దీ ఆస్కోమైసిన్ ఏరియా (పీక్ సిగ్నల్ సైజు) తగ్గుతూ చివరికి సగానికి వస్తోంది. అది చాలదన్నట్టు మధ్యలో ఏదో ఒక పేషెంట్ శాంపిల్‌లో ఉన్నట్టుండి పడిపోయి, తర్వాతి దాంట్లో మళ్లీ లేస్తోంది. క్యూసీలు (విలువ ముందే తెలిసిన పరీక్ష శాంపిళ్లు) మూడూ పరిధిలోనే ఉన్నాయి. లెక్క టాక్రోలిమస్, ఆస్కోమైసిన్ ఏరియాల నిష్పత్తి మీదే కదా, విడుదల చేయొచ్చా? కొత్త మెషీన్ వచ్చాక అంకెలు తగ్గాయని నెఫ్రాలజీ వాళ్లు అడుగుతున్నారు, వాళ్లకేం చెప్పాలి?

గిండీ_క్వాడ్:
ఒక్కసారిగా పడిన ఆ శాంపిళ్లను మాత్రం విడుదల చేయకండి. మెల్లగా తగ్గడం వేరు, ఒక్కదాంట్లో పడడం వేరు. కారణాలు కూడా వేరు.

మెల్లగా తగ్గేది చాలాసార్లు సోర్స్ (అణువుల్ని అయాన్లుగా మార్చే మెషీన్ ముందు భాగం) మురికి. జింక్ సల్ఫేట్, ఎసిటోనైట్రైల్ కలిసి ప్రోటీన్‌ని దించేస్తాయి గానీ ఫాస్ఫోలిపిడ్లు (కణాల పొరల్లోని కొవ్వులు) చాలావరకు ద్రవంలోనే ఉండిపోతాయి, మిగిలిన జింక్, ఉప్పులు కూడా అంతే. ఉప్పులు కాలమ్‌లో ఆగవు, ముందే బయటికొస్తాయి. డైవర్ట్ వాల్వ్ పెట్టి ఆ మొదటి భాగాన్ని వేస్ట్‌కి పంపండి, టాక్రోలిమస్ పీక్ చుట్టూ ఉన్న కాసేపు మాత్రమే సోర్స్‌లోకి వెళ్లాలి. బ్యాచ్ మొదట్లో, చివర్లో రక్తం లేని శుద్ధ స్టాండర్డ్ ఒకటి కొట్టి చూడండి. అదీ పడితే కోన్ (సోర్స్ నుంచి అయాన్లు లోపలికి వెళ్లే రంధ్రం) విప్పి మిథనాల్-నీళ్లలో సోనికేట్ చేయాల్సిందే. నైట్రోజన్ జనరేటర్ కంప్రెసర్‌లో చేరే నీళ్లు కూడా రోజూ వదులుతున్నారా? చెన్నై ఉక్కకి అది త్వరగా నిండుతుంది.

ఒక్క శాంపిల్‌లో పడేది అయాన్ సప్రెషన్, అంటే అదే సమయంలో దిగే వేరే పదార్థాలు సిగ్నల్‌ని అణచేయడం. దీన్ని క్యూసీ పట్టివ్వదు. క్యూసీ తయారయ్యేది ఒకే రకం రక్తంతో, ఆ పేషెంట్ ఒంట్లోని లిపిడ్లు దాంట్లో ఉండవు. మీ మెథడ్‌లో 184 నుంచి 184 అనే ట్రాన్సిషన్ చేర్చండి, ఫాస్ఫోకోలిన్ ఉన్న లిపిడ్లన్నీ అందులో కనిపిస్తాయి. రన్ 2 నిమిషాలే అంటున్నారు కాబట్టి నా అనుమానం ఇదీ: ఆలస్యంగా దిగే లిపిడ్లు ఆ రన్‌లో బయటపడకుండా ఒకటి రెండు ఇంజెక్షన్ల తర్వాత వేరే పేషెంట్ పీక్ కిందికి వస్తున్నాయి. అదే అయితే పడిన శాంపిల్‌ది తప్పే కాదు, దాని ముందున్న వాటిని చూడాలి. వరస మార్చి మళ్లీ నడపండి. పడడం అదే శాంపిల్‌ని వెంటాడితే దాని మ్యాట్రిక్స్ (ఆ రక్తంలోని మిగతా పదార్థాలు), చోటు మారితే వెనకటి ఇంజెక్షన్ల నుంచి వచ్చింది. ప్రతి రన్ చివర ఒక నిమిషం 98 శాతం మిథనాల్‌తో కడిగితే ఈ రెండోది చాలావరకు పోతుంది.

అసలు పరిష్కారం ఇంటర్నల్ స్టాండర్డ్ మార్చడమే. ఆస్కోమైసిన్ దగ్గరి చుట్టమే గానీ అదే అణువు కాదు. పీక్‌ల మధ్య రెండు మూడు సెకన్ల తేడా ఉన్నా సప్రెషన్ రెండింటికీ సమానంగా తగలదు, నిష్పత్తి తప్పుతుంది. కార్బన్-13, డ్యుటీరియం (బరువైన ఐసోటోపులు) ఉన్న టాక్రోలిమస్, అంటే లేబుల్డ్ స్టాండర్డ్ తెప్పించండి, 824.5 నుంచి 771.5. టాక్రోలిమస్ సహజ ఐసోటోపుల్లో సుమారు 3 శాతం ఆ ఛానెల్‌లోకీ వస్తుంది, అందుకని స్టాండర్డ్‌ని మరీ పలచగా కలపకండి.

పోరూర్_ల్యాబ్:
చాలా థ్యాంక్సండీ. లేబుల్డ్ స్టాండర్డ్ వచ్చేదాకా ఏ హద్దు పెట్టుకోవాలి?

గిండీ_క్వాడ్:
ఇంటర్నల్ స్టాండర్డ్ ఏరియా, బ్యాచ్‌లోని క్యాలిబ్రేటర్ల (కొలత గీత గీయడానికి వాడే తెలిసిన శాంపిళ్ల) సగటు ఏరియాలో 50 నుంచి 150 శాతం అనేది చాలా ల్యాబులు పాటించే హద్దు. మీ వాలిడేషన్ డేటాతో ఇంకా బిగించగలిగితే మంచిది. దాటితే మళ్లీ రక్తం నుంచే ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి, అదే వయల్ మళ్లీ కొడితే లిపిడ్లూ అవే ఉంటాయి. హద్దు లోపలే ఉన్నా పక్కవాటికంటే ఒక్కటే బాగా పడితే దాన్నీ రిపీట్‌లో వేయండి.

తాంబరం_బయోకెమ్:
సోడియం సంగతి కూడా చూడండి సార్. 821.5 అంటే అమోనియం అంటుకున్న రూపం. మొబైల్ ఫేజ్‌లోకి సోడియం చేరితే అణువులు 826.5 వైపు పోతాయి, అది సరిగ్గా విరగదు, సిగ్నల్ పడిపోతుంది. బాటిళ్లను సబ్బుతో కడగొద్దు. ఫేజ్ సగం మిగిలిందని దాని మీదే కొత్తది పోయొద్దు. క్యూ1 స్కాన్‌లో (విరగకముందు అయాన్లని చూపేది) 821.5, 826.5 పక్కపక్కన చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకొకటి, పైపెట్ చేసే ముందు రక్తం కలిసిందా లేదా. మందు ఎక్కువ భాగం ఎర్రకణాల్లోనే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ట్యూబ్‌లో కణాలు అడుక్కి దిగి ఉంటాయి, పైనుంచి లాగితే అంకె తక్కువే వస్తుంది. గది వేడికి రానిచ్చి, రోలర్ మీద తిప్పి, గడ్డ లేదని చూసి అప్పుడు తీయాలి. గడ్డ ఉంటే కొత్త శాంపిల్ అడగాలి. ఇక్కడ జరిగే తప్పు ఇంటర్నల్ స్టాండర్డ్‌లో కనిపించదు, ఎందుకంటే అది తర్వాత కదా కలుస్తుంది.

అన్నానగర్_టీడీఎం:
నెఫ్రాలజీ వాళ్ల ప్రశ్నకి: ఇమ్యునోఅస్సేలోని యాంటీబాడీ టాక్రోలిమస్‌తో పాటు దాని మెటబొలైట్లలో (ఒంట్లో మందు మారి ఏర్పడే పదార్థాల్లో) కొన్నిటినీ పట్టుకుంటుంది, అందుకే అక్కడి అంకె ఎక్కువగా ఉండడం మామూలు. ఎంఎస్ మందుని మాత్రమే కొలుస్తుంది. తేడా అందరిలో ఒకేలా ఉండదు, లివర్ సరిగ్గా పనిచేయని వాళ్లలో మెటబొలైట్లు పేరుకుని ఇంకా పెరుగుతుంది. కాబట్టి పాత అంకెని ఏదో ఒక సంఖ్యతో గుణించి కొత్తదిగా మార్చే పట్టిక ఎవరికీ ఇవ్వకండి, అది ప్రమాదం. కొన్నాళ్లు రెండు పద్ధతుల్లోనూ నడిపి ఒక్కో పేషెంట్‌కి రెండు అంకెలూ చూపించండి. పద్ధతి పేరు రిపోర్ట్ మీద ఉండాలి. తగ్గింది మందు కాదు, కొలత మారింది అని డాక్టర్‌కి అక్కడే తెలియాలి. ఆ మాట చేరకపోతే డోస్ పెంచేస్తారు, దెబ్బ తినేది మార్చిన కిడ్నీయే.

అంకె అనుకోకుండా ఎక్కువొస్తే ముందు వార్డుకి ఫోన్ చేయండి. ఉదయం మాత్ర వేసుకున్నాక రక్తం తీశారా? టాక్రోలిమస్ ఎక్కించిన లైన్‌లోంచే తీశారా? ఆ లైన్ గోడలకి మందు అంటుకుని ఉంటుంది, ఎంత ఫ్లష్ చేసినా నమ్మలేం. రెండో చేతి నుంచి మళ్లీ తీయమనండి. రిక్వెస్ట్ ఫారంలో చివరి డోస్ వేసిన టైమ్, రక్తం తీసిన టైమ్ రెండు గళ్లూ నింపితేనే శాంపిల్ తీసుకుంటామని రిసెప్షన్ వాళ్లకి చెప్పి ఉంచండి.