ఐక్యరాజ్యసమితి ఒప్పందం వైట్‌ఫీల్డ్ దాకా వస్తుందా?

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి నుంచి):
నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్ చదివేది వింటూ ఆరేళ్లుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. మాది ఒంగోలు. మొన్న ఇక్కడి వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ బాగానే జరిగింది. చివర్లో, "మా సాఫ్ట్‌వేర్ మీ రీడర్‌తో పనిచేయదు, ఏమీ అనుకోకండి" అన్నారు. పరీక్షించి చూడనేలేదు. కాఫీ మాత్రం ఇచ్చారు, అదీ చల్లారింది. సభల్లో వినే అంతర్జాతీయ ఒప్పందాలు నాలాంటివాడికి ఎందుకు పనికొస్తాయి?

జవాబు 1:
నేరుగా కాదండీ, మన చట్టం ద్వారా పనికొస్తాయి. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐరాస ఒప్పందంలో 27వ అధికరణం ఉపాధి గురించే. 2007లో భారత్ దాన్ని ధ్రువీకరించింది. ఆ మాట నిలబెట్టుకోవడానికే 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, ప్రైవేటుకు ఆ నిర్బంధం లేదు. అయితే 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. అది చూపమని మెయిల్ పెట్టండి. మర్యాదగానే, కానీ రాతపూర్వకంగా.

జవాబు 2:
నాది చక్రాల కుర్చీ. మా ఆఫీసు ర్యాంపు నేరుగా జనరేటర్ గదికి వెళ్తుంది! మీరు ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను ఒక గంట పరీక్షించనివ్వమని అడగండి. కాదనడం కష్టం.

ప్రశ్నించినవారు:
మెయిల్ ఇప్పుడే పంపాను. గంట కూడా అడిగాను. ఈసారి కాఫీ వద్దని రాశాను.